ఏమీ కనిపించని చోటు చుట్టూ

ముందు ఆ కదిలే బొమ్మ చూడండి. మిగతా పనులు తర్వాత చూసుకోవచ్చు. నల్లటి తెర, దాని మీద కొన్ని తెల్లటి చుక్కలు, ఓ మూల సంవత్సరం అంకె: 1995, 1996, 1997... అంకె మారేకొద్దీ చుక్కలు జరుగుతుంటాయి. కొన్ని నింపాదిగా, కొన్ని హడావుడిగా. వాటిలో ఒకటి తెర మధ్యకు దూసుకొచ్చి, అక్కడ దేన్నో చుట్టి, గిరుక్కున మళ్లి దూరంగా వెళ్లిపోతుంది. దేన్ని చుట్టింది? అక్కడేమీ లేదు. ఒట్టి చీకటి. మిగతా చుక్కలూ ఆ ఖాళీ చోటు చుట్టూనే తిరుగుతున్నాయి. ఎవరో ఊహించి గీసిన బొమ్మ కాదిది. ఆ చుక్కలు నిజం నక్షత్రాలు. ఏళ్ల తరబడి టెలిస్కోపుతో వాటిని కనిపెట్టుకుని కూర్చున్న కాలిఫోర్నియా యూనివర్సిటీ శాస్త్రవేత్తలు, తాము కొలిచిన స్థానాలను వరసగా పేర్చి చేసిన బొమ్మ.

ఈమధ్యే నా కంటబడింది. అప్పటినుంచీ ఎవరు కనిపించినా ఫోను తీసి చూపిస్తున్నాను. ఆ ఖాళీ చోటు మన పాలపుంత నడిబొడ్డు. మన నుంచి దాదాపు 27 వేల కాంతి సంవత్సరాల దూరం. అక్కడున్నది ఒక కృష్ణబిలం. పేరు సాజిటేరియస్ ఎ స్టార్. బరువు 43 లక్షల సూర్యులంత! మనం కాపురముంటున్న గెలాక్సీ నడిమధ్యన ఇలాంటిదొకటి ఉంటే, ఈ సంగతి రోజూ పేపర్లో మొదటి పేజీలో ఎందుకు రాదో నాకు అర్థం కావడం లేదు. పోనీ, నేను చెబుతాను వినండి.

మధ్యకు దూసుకొచ్చిన ఆ నక్షత్రం పేరు ఎస్‌2. సూర్యుడికి పదమూడు పద్నాలుగు రెట్లు బరువుంటుంది. కృష్ణబిలం చుట్టూ ఒక చుట్టు తిరగడానికి దానికి పట్టేది 16 ఏళ్లు. మన సూర్యుడు పాలపుంత చుట్టూ ఒక్కసారి తిరిగి రావడానికి 20 కోట్ల ఏళ్లకు పైగా పడుతుంది, ఎస్‌2 మాత్రం ఒక పిల్లవాడు పుట్టి పదో తరగతి పాసయ్యేలోపు తన చుట్టు ముగించేస్తుంది. 2018 మే 19న అది కృష్ణబిలానికి అతి దగ్గరగా వచ్చింది. దగ్గరంటే భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి 120 రెట్లు. నెప్ట్యూన్ ఉన్న దూరానికి నాలుగింతలు. ఆ క్షణంలో దాని వేగం సెకనుకు సుమారు 7,650 కిలోమీటర్లు. శ్రీహరికోట నుంచి వెళ్లి భూమి చుట్టూ దగ్గరి కక్ష్యలో తిరిగే ఉపగ్రహం వేగం సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల పైచిలుకు. దానికి వెయ్యి రెట్లు వేగంతో, సూర్యుడి కంటే పెద్ద నిప్పుల ముద్ద ఒకటి, కనిపించని దేని చుట్టో మలుపు తిరిగింది. చెదిరిపోలేదు, పడిపోలేదు. చక్కగా మలుపు తిరిగి తన దారిన తాను పోయింది.

అన్నింటికన్నా నన్ను కుదిపేసింది ఆ కృష్ణబిలం బరువు కట్టిన పద్ధతి. ఆ లెక్క ఇంటర్ చదివేవాళ్లు చేయగలరు. కాగితం, పెన్ను తీసుకోండి. 1619లో కెప్లర్ ప్రకటించిన మూడో నియమం మనందరం బట్టీపట్టిందే: కక్ష్య ఎంత పెద్దదైతే చుట్టు తిరగడానికి అంత ఎక్కువ కాలం, ఆ రెండింటికీ ఒక లెక్క ఉంది. దూరాన్ని భూమి–సూర్యుల దూరంతో కొలిచి, కాలాన్ని సంవత్సరాల్లో కొలిస్తే, దూరం ఘనాన్ని కాలం వర్గంతో భాగించండి. మధ్యలో ఉన్నదాని బరువు ఎన్ని సూర్యులో వచ్చేస్తుంది. భూమికి వేసి చూడండి: దూరం ఒకటి, కాలం ఒకటి, జవాబు ఒకటి. ఒక సూర్యుడు. సరిగ్గా ఉంది కదా. ఇప్పుడు ఎస్‌2కి వేద్దాం. దాని కక్ష్య సగటు దూరం సుమారు వెయ్యి. వెయ్యి ఘనం వంద కోట్లు. కాలం 16, దాని వర్గం 256. వంద కోట్లను 256తో భాగిస్తే 39 లక్షల పైచిలుకు. దూరాన్ని వెయ్యి అనకుండా కాస్త సరిచేసి 1,030 అని వేయండి, దాదాపు 43 లక్షలు వస్తుంది.

అంతే! నోబెల్ బహుమతి తెచ్చిన అంకె మన నోటుపుస్తకంలో దిగిపోయింది. నాలుగు వందల ఏళ్ల కిందట గ్రహాల కోసం రాసిన నియమం, 27 వేల కాంతి సంవత్సరాల అవతల ఒక నక్షత్రం విషయంలో పొల్లుపోకుండా పనిచేస్తోంది. ఈ జవాబు నా చేతిరాతలో కాగితం మీద కనబడినప్పుడు కలిగిన సంతోషాన్ని నేను మాటల్లో పెట్టలేను.

సరే, 43 లక్షల సూర్యుల బరువున్నది కృష్ణబిలమే ఎందుకు కావాలి? చల్లారిపోయిన నక్షత్రాల గుంపు కావచ్చు కదా? కాదు. ఎస్‌2 ఏ అడ్డూ లేకుండా మలుపు తిరిగిందంటే, ఆ బరువంతా దాని దారికి లోపలివైపే ఇమిడి ఉండాలి. అంత ఇరుకులో అన్ని లక్షల నక్షత్రాల శవాలను కుక్కితే, ఒకదాన్నొకటి తోసుకుని చెల్లాచెదురైనా అవుతాయి, కలిసిపోయి కూలిపోయి చివరికి కృష్ణబిలమైనా అవుతాయి. వేరే దారి లేదు.

దీన్ని చూడటం కూడా సామాన్యమైన పని కాదు. మనకూ ఆ కేంద్రానికీ మధ్య ధూళి దట్టంగా పరుచుకుని ఉంది. అక్కడి నుంచి బయల్దేరిన మామూలు వెలుగులో లక్ష కోట్ల కాంతి కణాలకు ఒక్కటి మన దాకా వస్తే గొప్ప. పరారుణ కాంతి మాత్రం ఆ ధూళిని దాటుకుని వస్తుంది. రేడియో తరంగాలకు అసలు అడ్డే లేదు. అందుకే మొదటి జాడ రేడియోలోనే దొరికింది. అమెరికాలో బెల్ ల్యాబ్స్ ఇంజినీరు కార్ల్ జాన్‌స్కీ, ఫోన్ల మధ్య గరగరకు కారణం వెతుకుతూ, 1933లో ధనూరాశి వైపు నుంచి రేడియో తరంగాలు వస్తున్నాయని ప్రకటించాడు. 1974లో బ్రూస్ బాలిక్, రాబర్ట్ బ్రౌన్ అదే దిక్కున సూదిమొనంత రేడియో మూలాన్ని పట్టుకున్నారు. ఆ తర్వాత రెండు బృందాలు పోటాపోటీగా బయల్దేరాయి: చిలీలోని టెలిస్కోపులతో జర్మనీకి చెందిన రైన్‌హార్డ్ గెంజెల్ బృందం, హవాయిలోని కెక్ టెలిస్కోపులతో ఆండ్రియా గెజ్ బృందం. మన వాతావరణం వణుకుతుంటుంది కాబట్టి నక్షత్రాలు మిణుకుమంటాయి. ఆ మిణుకును రద్దు చేయడానికి టెలిస్కోపులోని అద్దం ఆకారాన్ని సెకనుకు వందలసార్లు మారుస్తూ పోయే విద్య నేర్చారు. ఇద్దరూ విడివిడిగా కొలిచారు, ఇద్దరికీ ఒకటే జవాబు వచ్చింది. 2020లో రోజర్ పెన్‌రోజ్‌తో పాటు వీళ్లిద్దరికీ భౌతికశాస్త్రం నోబెల్ ఇచ్చారు. పోటీ పడే రెండు బృందాలు ఒకే అంకె దగ్గర కలుసుకోవడం కంటే గట్టి సాక్ష్యం సైన్సులో ఇంకేముంటుంది?

ఇక గురుత్వాకర్షణ సంగతి. కృష్ణబిలం అనగానే చుట్టుపక్కల ఉన్నవాటన్నింటినీ పీల్చేసే రాక్షసి అనే బొమ్మ సినిమాల వల్ల మనసుల్లో పాతుకుపోయింది. అలాంటిదేమీ లేదు. ఈ క్షణంలో సూర్యుణ్ని తీసేసి అంతే బరువున్న కృష్ణబిలాన్ని అక్కడ పెట్టారనుకోండి. చీకటి పడుతుంది, చలి చంపేస్తుంది. కానీ భూమి మాత్రం అంగుళం పక్కకు జరగదు. అదే కక్ష్య, అవే 365 రోజులు. దూరం నుంచి చూసేవాళ్లకు లెక్క బరువుదే, ఆ బరువు ఏ రూపంలో ఉందన్నది కాదు. ఇంకో సంగతి. పాలపుంత మొత్తం ఈ కృష్ణబిలం పట్టులో తిరుగుతోందని చాలామంది అంటుంటారు. అదీ కాదు. గెలాక్సీ మొత్తం బరువు ముందు 43 లక్షల సూర్యులు లెక్కలోకే రావు. దాని పెత్తనం చుట్టూ ఓ పది కాంతి సంవత్సరాల మేర సాగుతుందంతే. మన సూర్యుణ్ని తిప్పుతున్నది లోపలున్న కోటానుకోట్ల నక్షత్రాలు, వాయువు, కంటికి కనబడని కృష్ణపదార్థం. అవన్నీ కలిసి తిప్పుతున్నాయి.

మరి కృష్ణబిలం ప్రత్యేకత ఏమిటంటే, దాని దగ్గరికి వెళ్లగలం. సూర్యుడి దగ్గరికి వెళ్లేకొద్దీ ఆకర్షణ పెరుగుతుంది, కానీ ఏడు లక్షల కిలోమీటర్ల దగ్గర సూర్యుడి ఉపరితలం అడ్డొస్తుంది. లోపలికి పోతే మీ వెనక మిగిలిపోయిన పొరల లాగుడు లెక్కలోంచి తప్పుకుంటుంది, కొంత లోతు దాటాక ఆకర్షణ తగ్గిపోతుంది. అదే సూర్యుణ్ని మూడు కిలోమీటర్ల వ్యాసార్థంలోకి నొక్కేస్తే, అడ్డు లేకుండా అంత దగ్గరికీ పోవచ్చు. అక్కడ ఆకర్షణ ఎంతవుతుందో ఊహించండి. భూమినైతే తొమ్మిది మిల్లీమీటర్లకు నొక్కాలి. గురుత్వాకర్షణలో కొత్త బలమేదీ వచ్చి చేరలేదు. మన పెరట్లో జామకాయను రాల్చే అదే ఆకర్షణ, అడ్డు తొలగేసరికి తన పూర్తి స్వరూపం చూపిస్తోంది.

ఆ స్వరూపాన్ని అర్థం చేసుకోవడానికి భౌతికవేత్తలు వాడే ఒక పోలిక నాకు ఎంతగానో నచ్చింది. అంతరిక్షమే ఒక నదిలా కృష్ణబిలంలోకి ప్రవహిస్తోందని అనుకోమంటారు. శ్రీశైలం గేట్లెత్తినప్పుడు నీళ్లలో ఉన్న చేపను తలచుకోండి. గేట్లకు దూరంగా ఉన్నంతసేపు ప్రవాహం నెమ్మది, చేప హాయిగా ఎదురీదుతుంది. దగ్గరయ్యేకొద్దీ ప్రవాహం జోరెక్కుతుంది. ఒకచోట ప్రవాహ వేగమూ చేప ఈదగల వేగమూ సమానమవుతాయి. అది దాటితే చేప ఎంత బలంగా ఎదురీదినా నీళ్లతో పాటు పోవాల్సిందే. ఇక్కడ చేప అంటే కాంతి. లోకంలో దాన్ని మించిన ఈతగాడు లేదు. అది కూడా గట్టెక్కలేని ఆ గీతనే ఈవెంట్ హొరైజన్ అంటారు. ఈ ప్రవాహానికి అంకెలు కూడా ఉన్నాయి. భూమి ఉపరితలం దగ్గర దాని వేగం సెకనుకు 11.2 కిలోమీటర్లు. అవును, రాకెట్టు భూమిని పూర్తిగా వదిలి పోవడానికి కావలసిన వేగమే అది! సూర్యుడి ఉపరితలం దగ్గర 618 కిలోమీటర్లు. హొరైజన్ దగ్గర మూడు లక్షల కిలోమీటర్లు, అంటే సరిగ్గా కాంతి వేగం. మనం నిలబడ్డ నేల నుంచి కృష్ణబిలం అంచు దాకా ఒకటే సూత్రం, ఒకటే మెట్ల వరస. మనం కింది మెట్టు మీద ఉన్నామంతే.

కాలం కూడా ఆ మెట్ల మీద మారుతుంటుంది. ఆకర్షణ గట్టిగా ఉన్నచోట గడియారం నెమ్మదిగా నడుస్తుంది. ఇదేదో ఎక్కడో జరిగే విడ్డూరం కాదు. ఫోనులో దారి చూపించే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు పైన ఉండటం వల్ల, వాటి వేగం వల్ల, రెండూ కలిపి రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. సరిచేయకపోతే దారి తప్పుతుంది. సరిగ్గా ఈ ప్రభావాన్నే 2018లో ఎస్‌2 దగ్గర కూడా పట్టుకున్నారు. మలుపు తిరిగేటప్పుడు దాని వెలుగు ఎరుపు వైపు జరిగింది, ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెప్పినంతే జరిగింది. 2020లో ఇంకోటి తేలింది. దాని కక్ష్య ఒక్కో చుట్టుకూ డిగ్రీలో ఐదో వంతు పక్కకు తిరుగుతోంది. బుధగ్రహం కక్ష్యలో ఇలాంటి చిన్న తేడాను లెక్కగట్టగలిగినందుకే 1915లో ఐన్‌స్టీన్ సంబరపడ్డాడు.

హొరైజన్ దాటాక ఏమవుతుంది? ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. లోపలికి వెళ్లాక ‘మధ్య’ అనేది ఒక చోటు కాదు, ఒక సమయం. మనం రేపటిని తప్పించుకోలేనట్టే, లోపలున్నవాళ్లు ఆ మధ్యను తప్పించుకోలేరు. ఎటు తిరిగినా, ఏ రాకెట్టు వెలిగించినా, ముందున్నది అదొక్కటే. మన గెలాక్సీ కృష్ణబిలంలో అయితే అంచు దాటాక మిగిలేది మహా అయితే ఒక నిమిషం పైన కొన్ని సెకన్లు. అంత పొట్టి భవిష్యత్తు!

ఇంతకీ అంచు దాటేటప్పుడు మనిషి ముక్కలైపోతాడా? ఇది కృష్ణబిలం సైజును బట్టి ఉంటుంది, ఇక్కడ లెక్క మనం అనుకున్నదానికి తలకిందులుగా ఉంది. ప్రమాదం ఆకర్షణ వల్ల కాదు, ఆకర్షణలో తేడా వల్ల. పాదాలు తలకంటే కొంచెం దగ్గర కాబట్టి వాటి మీద లాగుడు ఎక్కువ. చంద్రుడు సముద్రంలో ఆటుపోట్లు తెప్పించేది కూడా ఈ తేడాతోనే. పది సూర్యుల బరువున్న చిన్న కృష్ణబిలం అంచు దగ్గర, తలకీ పాదాలకీ మధ్య ఆ తేడా భూమి ఆకర్షణకు రెండు కోట్ల రెట్లు ఉంటుంది. అక్కడికి చేరకముందే పని అయిపోతుంది. అదే 43 లక్షల సూర్యుల కృష్ణబిలం దగ్గర ఆ తేడా భూమి ఆకర్షణలో పదివేలో వంతు! ఒంటికి తెలియను కూడా తెలియదు. ఏ గీతా కనిపించదు, ఏ కుదుపూ ఉండదు. దాటిపోతారు. కృష్ణబిలం ఎంత పెద్దదైతే దాని గుమ్మం అంత మెత్తన.

ఎం87 అనే గెలాక్సీ మధ్యలో ఉన్నదాన్ని చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. అది మనకు ఐదున్నర కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, బరువు 650 కోట్ల సూర్యులు. దాని అంచు మధ్య నుంచి 1,900 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. మన కృష్ణబిలం స్థానంలో అదే ఉండి ఉంటే, 2018లో ఎస్‌2 మలుపు తిరిగిన చోటు దాని కడుపులో ఉండేది. ఇంకా చిత్రం, దాని బరువును అంచు లోపలి పరిమాణంతో భాగిస్తే వచ్చే సాంద్రత మనం పీల్చే గాలి సాంద్రతలో మూడో వంతే. ఈ అంకె నమ్మలేక రెండు రకాలుగా లెక్క వేసి చూసుకున్నాను. నిజమే. గాలి కంటే పలచన, అయినా కాంతి బయటికి రాలేదు!

ఈ ఆలోచనలన్నీ ఎంత పాతవో చూడండి. 1783లోనే జాన్ మిచెల్ అనే ఆంగ్లేయ మతగురువు, కాంతి కూడా తప్పించుకోలేనంత భారీ నక్షత్రాలు ఉండవచ్చని రాశాడు. ఐన్‌స్టీన్ సమీకరణాలు వెలువడిన వారాల్లోనే, మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యంలో పనిచేస్తూ, కార్ల్ ష్వార్జ్‌షీల్డ్ వాటికి కచ్చితమైన జవాబు రాసి పంపాడు. కొద్ది నెలలకే, 1916 మేలో, జబ్బుతో చనిపోయాడు. 1930లో పందొమ్మిదేళ్ల చంద్రశేఖర్ ఓడలో ఇంగ్లండు వెళ్తూ, చల్లారిన నక్షత్రం ఒక హద్దు దాటితే తన బరువును తాను మోయలేదని లెక్కగట్టాడు. వీళ్లంతా పుస్తకాల్లో కనిపిస్తారు. మనవాళ్లకు అంతగా తెలియని పేరు అమల్ కుమార్ రాయ్‌చౌధురి. కలకత్తాలో పనిచేస్తూ 1955లో ఆయన ప్రచురించిన సమీకరణం, గురుత్వాకర్షణ కింద పదార్థం దారులన్నీ ఎలా ఒకచోటికి ముడుచుకుపోతాయో చెబుతుంది. పెన్‌రోజ్, హాకింగ్‌ల సిద్ధాంతాలకు అది ఆధారం. బడి పుస్తకాల్లో ఒక పూర్తి పేజీ ఆయనకు ఇవ్వాలని నా అభిప్రాయం. అలాగే సి.వి. విశ్వేశ్వర. కృష్ణబిలాన్ని కదిలిస్తే అది ఏ స్వరంలో మోగి ఆగిపోతుందో 1970లోనే లెక్క చెప్పిన మన బెంగళూరు శాస్త్రవేత్త.

ఇక ఫొటోల కథ. 2017 ఏప్రిల్‌లో హవాయి, అరిజోనా, మెక్సికో, చిలీ, స్పెయిన్, దక్షిణ ధ్రువాల్లోని ఎనిమిది రేడియో టెలిస్కోపులు ఒకేసారి ఒకే లక్ష్యం వైపు తిరిగాయి. పరమాణు గడియారాలతో సమయం కలుపుకుని, అన్నీ కలిసి భూమంత టెలిస్కోపులా పనిచేశాయి. పోగైన సమాచారం ఇంటర్నెట్‌లో పంపలేనంత. హార్డ్ డిస్కులను విమానాల్లో మోసుకెళ్లారు. దక్షిణ ధ్రువం డిస్కులైతే, అక్కడి చలికాలం గడిచి విమానాలు తిరిగేదాకా నెలల తరబడి అక్కడే ఉండిపోయాయి. 2019 ఏప్రిల్ 10న ఎం87 ఫొటో విడుదలైంది: మధ్యలో నల్లటి నీడ, చుట్టూ నారింజ రంగు వలయం. 2022 మే 12న మన సొంత కృష్ణబిలం ఫొటో వచ్చింది. దగ్గరిదాని ఫొటోకి మూడేళ్లు ఎక్కువ ఎందుకు పట్టిందో తెలుసా? ఎం87 పెద్దది, దాని చుట్టూ వాయువు తిరగడానికి రోజులూ వారాలూ పడుతుంది కాబట్టి ఒక రాత్రంతా కదలకుండా కూర్చుంటుంది. మనది చిన్నది, చుట్టూ వాయువు నిమిషాల్లో తిరిగేస్తుంది. కెమెరా ముందు ఒక్క క్షణం కుదురుగా ఉండదు. ఆ కదలికలన్నీ సర్దుకుని బొమ్మ తీయడానికి అంతకాలం పట్టింది. ఇంత తేడా ఉన్న రెండింటి వలయాలూ ఒకేలా ఉన్నాయి. ఒకటి ఇంకోదానికి పదిహేను వందల రెట్లు బరువు, అయినా అదే ఆకారం. గురుత్వాకర్షణకు చిన్నా పెద్దా తేడా లేదు.

నల్లటివని పేరు గానీ, విశ్వంలో అన్నింటికన్నా వెలుగిచ్చేవి ఇవే. లోపలి నుంచి కాదు, అంచు బయట. పడబోయే వాయువు నేరుగా పడదు. చుట్టూ తిరుగుతూ, రాపిడికి లక్షల డిగ్రీలు వేడెక్కి మండిపోతుంది. సూర్యుడు హైడ్రోజన్ కలిపి మండిస్తే పదార్థంలో 0.7 శాతం మాత్రమే శక్తిగా మారుతుంది. కృష్ణబిలంలోకి జారే పదార్థంలో 6 శాతం నుంచి, అది బాగా వేగంగా తిరిగేదైతే 40 శాతం దాకా మారగలదు. 1963లో మార్టెన్ ష్మిట్ 3సీ 273 అనే నక్షత్రం లాంటి చుక్క నిజానికి 200 కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉందని కనిపెట్టినప్పుడు, అంత దూరం నుంచి అంత వెలుగు ఎలా వస్తోందని ప్రపంచమంతా నివ్వెరపోయింది. జవాబు ఇదే: ఒక గెలాక్సీ మధ్యలోని కృష్ణబిలం చుట్టూ మండే వాయువు, మన పాలపుంత మొత్తాన్ని వంద రెట్లు మించి వెలిగిపోతోంది. పర్సియస్ గెలాక్సీ గుంపులో ఒక కృష్ణబిలం తన చుట్టూ ఉన్న వేడి వాయువులో ధ్వని తరంగాలు పుట్టిస్తోందని 2003లో చంద్రా ఎక్స్‌రే టెలిస్కోపు పట్టుకుంది. ఆ టెలిస్కోపు పేరు మన చంద్రశేఖర్‌దే. ఆ స్వరం పియానో మధ్య స్వరానికి 57 స్థాయిల కింద ఉంది. ఒక్క ఊపు పూర్తి కావడానికి సుమారు కోటి ఏళ్లు.

మనది మాత్రం ప్రస్తుతం నిద్రలో ఉన్నంత నెమ్మది. వెలుగు కొన్ని వందల సూర్యులంత ఉంటే ఎక్కువ. గతంలో ఇలా లేదని, మన గెలాక్సీకి పైనా కిందా పాతిక వేల కాంతి సంవత్సరాల మేర ఉబ్బి ఉన్న రెండు భారీ బుడగలు సూచిస్తున్నాయి. 2010లో ఫెర్మీ టెలిస్కోపు వాటిని చూపించింది.

ఇందులో తేలని చిక్కుముడి కూడా ఉంది, నాకు అదే మరీ ఇష్టం. పెద్ద గెలాక్సీలు దాదాపు అన్నింటి మధ్యలోనూ ఒక్కో కృష్ణబిలం ఉంది. దాని బరువుకీ, చుట్టూ ఉన్న నక్షత్రాల ఉబ్బు బరువుకీ ఒక లెక్క కుదురుతుంది: కృష్ణబిలం బరువు ఆ ఉబ్బులో వెయ్యింట ఒక వంతు నుంచి వెయ్యింట కొన్ని వంతుల దాకా. దాని ఆకర్షణ అందనంత దూరంలో ఉన్న నక్షత్రాల వేగాలు కూడా దాని బరువుకు తగ్గట్టే ఉన్నాయని 2000 సంవత్సరంలో రెండు బృందాలు చూపించాయి. రెండూ కలిసి పెరిగాయా? కృష్ణబిలం చిమ్మే వేడి గాలులు కొత్త నక్షత్రాలు పుట్టకుండా అదుపు చేశాయా? విశ్వం పుట్టిన తొలినాళ్లలోనే జేమ్స్ వెబ్ టెలిస్కోపుకు కనబడుతున్న బరువైన కృష్ణబిలాలు అంత తొందరగా ఎలా పెరిగాయి? శాస్త్రవేత్తలు ఇప్పుడు తలపడుతున్న ప్రశ్నలివి.

ఆ పనిలో మనవాళ్లూ ఉన్నారు. జంట మహా కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ పుట్టించే గురుత్వ తరంగాల గుసగుస, దాని ఆనవాళ్లు దొరికాయని 2023 జూన్‌లో ప్రపంచమంతా నాలుగైదు బృందాలు ఒకేసారి ప్రకటించాయి. యూరప్ బృందంతో కలిసి పనిచేసింది మన భారతీయ బృందం. పుణె దగ్గరి ఖొడద్‌లో ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పున్న 30 డిష్‌ల టెలిస్కోపు వాళ్ల ఆయుధం. ఆ బృందంలో ఐఐటీ హైదరాబాద్ కూడా ఉంది. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎక్స్‌పోశాట్, కృష్ణబిలాల పరిసరాల నుంచి వచ్చే ఎక్స్‌రేలను కొత్త పద్ధతిలో కొలుస్తోంది.

ఇక మీరు చేయాల్సింది. మే నెలలో రాత్రి రెండున్నర ప్రాంతాన, లైట్లు లేని ఊరి చివరికో డాబా మీదికో వెళ్లి దక్షిణం వైపు చూడండి. ఎర్రటి జ్యేష్ఠ, దాని కింద తేలు తోకలా వంపు తిరిగిన మూల, దానికి ఎడమ పక్కన పూర్వాషాఢ. మూలకూ పూర్వాషాఢకూ మధ్య, కాస్త పైన, పాలపుంత బాగా చిక్కబడ్డ చోటే మన గెలాక్సీ కేంద్రం. హైదరాబాద్ నుంచి అది 44 డిగ్రీల ఎత్తుకు లేస్తుంది. లండన్‌లో ఉన్న మనవాళ్లకు పది డిగ్రీలు కూడా లేవదు, డల్లాస్‌లో 28 డిగ్రీలు. మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్లు అదృష్టవంతులు, దాదాపు నడినెత్తికి వస్తుంది. కృష్ణబిలం కంటికి కనబడదు, కానీ ఏ దిక్కున ఉందో వేలు పెట్టి చూపించగలరు.

ఇంటర్‌లో ఫిజిక్స్ చెప్పే మాస్టార్లకూ మేడమ్‌లకూ ఒక విన్నపం. కెప్లర్ మూడో నియమం చెప్పే రోజున భూమి, కుజుడి లెక్కలతో ఆపేయకండి. వెయ్యి ఘనం, పదహారు వర్గం. ఎస్‌2 లెక్క కూడా పిల్లల చేత బోర్డు మీద వేయించండి. రెండు నిమిషాల పని.